మైదాపిండి మీద అడుగులు

నేను ఇప్పటికీ మంచును కళ్లారా చూడలేదు. అలాంటి నేను, రెండు వేల సంవత్సరం వచ్చే ముందు పట్టిన వానల్లో, సింగపూర్ చోవా చూ కాంగ్‌లోని మా ఫ్లాట్‌లో కూర్చుని, మంచులో ఏ జంతువు నడిచి వెళ్లిందో కెనడా పిల్లలకు చెప్పాను. చెప్పేది నేనని వాళ్లకు తెలియదు. తెలియకూడదని నా ఇంట్లోవాళ్లే నిర్ణయించారని నాకూ చాలా రోజులు తెలియలేదు.

అప్పట్లో సింగపూర్‌లో తెలుగువాళ్లు ఏ ఇంట్లో కలిసినా ఇంటర్నెట్ మాటే. మా ఆయన సీతారామారావు ఒక బ్యాంకులో ప్రోగ్రామర్. పాత ప్రోగ్రాముల్లో తేదీలు దిద్దే పని. "ఈ సున్నాలు దిద్దుతూనే ముసలాణ్ణయిపోయేట్టున్నా లలితా" అని అన్నం ముందు కూర్చున్నప్పుడల్లా అనేవారు. ఆయన కింద పనిచేసిన రమణకి పెళ్లి కాలేదు. వారంలో సగం రోజులు మా ఇంట్లోనే తినేవాడు. నన్ను వదినా అని, ఆయన్ని అన్నయ్యా అని నోరారా పిలిచేవాడు. ఆ ఏడు ఇద్దరూ ఉద్యోగాలు మానేసి కంపెనీ పెట్టారు. కంప్యూటర్ మీద బడిపిల్లలకు పాఠాలు చెప్పే కంపెనీ.

మొదటి బేరం కెనడా నుంచి వచ్చింది. అక్కడి కొన్ని బడులవాళ్లు చలికాలంలో పిల్లలకు నేర్పే పాఠం ఒకటి కావాలన్నారు. మంచు మీద పడిన జాడల్ని చూసి నక్కో, కుందేలో, తోడేలో పోల్చుకోవడం. రాసిస్తానన్న కెనడా ప్రొఫెసర్ ఆఖరి నిమిషంలో తప్పుకున్నాడు. ఆ సాయంత్రం ఇద్దరూ దోసకాయ పప్పు ముందు మొహాలు వేలాడేసుకుని కూర్చున్నారు.

ఉన్నట్టుండి రమణ తలెత్తాడు. "వదినా, మీరు జువాలజీ కదా?"

"జువాలజీ అంటే రాజమండ్రి కాలేజీలో పిల్లల చేత బొద్దింకల్ని కోయించడం రమణా. మంచులో నక్కల్ని వెతకడం కాదు" అన్నాను.

"నక్క నక్కే కదొదినా, ఎక్కడైనా. పుస్తకాలు తెచ్చిస్తా. మీరు రాయండి. మీ పేరే వేద్దాం, పెద్దక్షరాల్లో."

నేను ఆయన వైపు చూశాను. ఆయన నవ్వుతూ, "ఏం, చెయ్యలేవా?" అన్నారు. పెళ్లయి సింగపూర్ వచ్చాక నన్ను అలాంటి ప్రశ్న అడిగినవాళ్లు లేరు. ఆ దేశంలో ఉండనిచ్చే నా పాస్ మీద డిపెండెంట్ అని, అంటే మొగుడి మీద ఆధారపడ్డ మనిషి అని ఉండేది. ఇంట్లో నేను కూడా నన్ను అలాగే అనుకోవడం మొదలుపెట్టి చాలా కాలమైంది.

"చేస్తాను" అన్నాను.

పుస్తకాల్లో బొమ్మలున్నాయి కానీ కంపెనీకి ఫోటోలు కావాలి. మంచులేని దేశంలో ఫోటోలెక్కణ్ణుంచి వస్తాయి? మైదాపిండి ఆలోచన నాదే. ముగ్గు పెట్టిన చేతికి పిండి సంగతి తెలియకపోదు కదా. మైదా అయితే వేలితో నొక్కినచోట అంచు నిలుస్తుంది, అప్పుడే పడ్డ మంచులా. బియ్యప్పిండి అయితే అంచు జారిపోతుంది, ఎండ తగిలిన పాత మంచులా. టెక్కా బజార్లో కొట్టతను మైదా బస్తాలు చూసి, "ఎన్న అక్కా, వీట్ల కల్యాణమా?" అని అడిగాడు. పెళ్లి కాదు, కుందేలు అని నాకొచ్చిన అరవంలో చెప్పాను. పాపం, అతనికేమర్థమైందో, కొసరు కూడా వేశాడు.

హాల్లో సోఫా గోడకి జరిపి, ప్లాస్టిక్ పట్టా పరిచి, పిండి జల్లెడ పట్టి ఆరబోసేదాన్ని. ఫ్యాను వెయ్యకూడదు. బయట వాన, లోపల ఉక్క. పిల్లలాడుకునే మట్టిముద్దలతో పాదాలు చేసి, ఎండబెట్టి, నడక ఎలా ఉంటుందో అలా ఒక్కొక్కటే అద్దేదాన్ని. పాదం గుర్తుపట్టడం తేలికే, నడక గుర్తుపట్టడమే విద్య. నక్క తన ముందుకాలు పెట్టినచోటే వెనకకాలు పెట్టుకుంటూ దారప్పోగులా తిన్నగా వెళుతుంది. పెంపుడు కుక్కకి తిండి గురించి బెంగ లేదు కాబట్టి అటూ ఇటూ తిరుగుతుంది. కుందేలు గెంతినప్పుడు దాని వెనక కాళ్లు ముందుకాళ్లని దాటి ముందుకొచ్చి పడతాయి. తెలియనివాళ్లు చూస్తే అది వెనక్కి వెళ్లిందనుకుంటారు.

కుందేలు సంగతి ఆయన నమ్మలేదు.

"వెనక కాళ్లు ముందుకెలా వస్తాయే?"

"మీరే గెంతి చూడండి."

ఆయన లుంగీ ఎగ్గట్టి, పిండిలో చేతులు ఆనించి, నిజంగానే గెంతారు. కాళ్లు చేతుల్ని దాటి వచ్చాయి గానీ ఒళ్లు నిలవలేదు. మొహం పిండిలో బోర్లా పడింది. మా అమ్మాయి సుస్మిత ప్రైమరీ టూ చదువుతోంది. కిందపడి దొర్లుతూ నవ్వింది. "నాన్నా, యూ లుక్ లైక్ ప్రాటా లా!" అంది, పిండిలో పొర్లించిన పరోటాలా ఉన్నావని. ఆయన లేచి, పిండి చేతుల్తో నా బుగ్గలు రెండూ పట్టుకుని, "అవునే, కుందేలు కరెక్టే" అన్నారు. మా పెళ్లయ్యాక అంత దగ్గరగా బతికిన రోజులు లేవు. ఇవాళ్టికీ నాకు కోపం రావలసినప్పుడు ముందు ఆ పిండి మొహమే కళ్లముందుకొస్తుంది. అదే నా చిక్కు.

పుస్తకాల్లో చూసినవి చాలవని, నిజం జాడలు చూడాలని ఒక ఆదివారం ముగ్గురం బస్సెక్కి ఊరి ఉత్తరాన సముద్రం ఒడ్డున్న క్రాంజీ వెళ్లాం. సముద్రం వెనక్కి తీసినప్పుడు మడ చెట్ల వార నల్లటి బురద బయటపడుతుంది. ఉడుము తోక ఈడ్చుకుంటూ పోయిన గీత, దానికి రెండు పక్కలా గోళ్లు. అడవిపంది గిట్టలు. అన్నింటికన్నా ఎక్కువగా, ఆ పక్క ఫారాల దగ్గర తిరిగే ఊరకుక్కల జాడలు. పరిగెత్తినవి, నిలబడ్డవి, కుంటినవి, దెబ్బలాడుకున్నవి. నేను కూర్చుని కొలుస్తుంటే ఆయన నా మీద గొడుగు పట్టారు. చినుకులు ఆయన వీపు మీదే పడ్డాయి. ఆ తర్వాత ఎన్ని ఆదివారాలు ఆ బురద దగ్గరికెళ్లానో. కుక్క పాదం నా అరచెయ్యి తెలిసినంతగా తెలిసిపోయింది.

ఫిబ్రవరిలో ఊళ్లో ఒక పెద్ద హోటల్లో మా పాఠాన్ని అందరికీ చూపించారు. పెట్టుబడి పెట్టేవాళ్లు, పత్రికలవాళ్లు, మనవాళ్లు, చీనావాళ్లు, తెల్లవాళ్లు. నేను వెంకటగిరి చీర కట్టుకున్నాను. సుస్మితకి కొత్త గౌను. తలుపు దాటి లోపలికి అడుగుపెట్టగానే నిలువెత్తు పోస్టరు. నా మైదాపిండి, దాని మీద నా కుందేలు గెంతులు. పైన గడ్డం, బొచ్చుటోపీ ఉన్న ఒక తెల్లాయన నవ్వుతున్న ఫోటో. "డాక్టర్ వాకర్. ఉత్తర అడవుల్లో జీవితమంతా గడిపిన శాస్త్రవేత్త. ఆయన చూసింది మీరూ చూడండి" అని ఇంగ్లీషులో.

ఎవరో వేరే మనిషి కూడా రాశాడేమో అనుకున్నాను ముందు. తెర మీద పాఠం మొదలయ్యాక తెలిసింది. ఒక్కొక్క వాక్యమూ నాదే.

"ఎవరండీ ఈయన?" అన్నాను ఆయన పక్కకి జరిగి.

ఆయన నా వీపు మీద చెయ్యి వేసి, ఎదురుగా వస్తున్నవాళ్లకి నవ్వు చూపిస్తూ, "తర్వాత చెప్తాను" అన్నారు.

ఆ వచ్చినవాళ్లలో ఒకావిడ నన్ను, "మీరేం చేస్తుంటారు?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోగా రమణ అందుకున్నాడు. "హోమ్‌మేకర్. రావ్ గారి మిసెస్. మా ఆకలి తీర్చే తల్లి." అందరూ నవ్వారు. ఆయన కూడా.

టాక్సీలో సుస్మిత నిద్రపోయాక చెప్పారు. "అలాంటి డాక్టరెవడూ లేడు లలితా. ఫోటో కొనుక్కున్నాం. పేరు రమణ పెట్టాడు. సింగపూర్‌లో ఉండే తెలుగావిడ మంచు గురించి రాసిందంటే ఎవరు కొంటారు చెప్పు? నువ్వైనా కొంటావా?"

"కొననేమో. ఎప్పుడనుకున్నారిది?"

ఆయన కిటికీలోంచి బయటికి చూశారు. "ముందే."

"ముందే అంటే?"

"నువ్వు మొదలెట్టిన వారానికి."

అంటే కుందేలు గెంతు గెంతినప్పటికే ఆయనకి తెలుసు. క్రాంజీలో గొడుగు పట్టినప్పుడూ తెలుసు. "అడిగితే నేనే వద్దనేదాన్నేమో కదండీ" అన్నాను. దానికాయన, "ఇదంతా మనకోసమే కదా" అన్నారు.

అక్కడితో మానేయాల్సింది. మానలేకపోయాను, కారణం పిల్లలు. పాఠం చివర, మీ ఇంటి దగ్గర జాడలు కనిపిస్తే డాక్టర్ వాకర్‌ని అడగండి అని పెట్టారు. పిల్లలు ఈమెయిళ్లలో అడగడం మొదలుపెట్టారు. కోళ్లగూటి చుట్టూ తిరిగిందేమిటి, మా తాత తోడేలంటున్నాడు నిజమేనా, అని. మా ఆయన ఆఫీసులో వాటిని అచ్చుతీసి ఇంటికి తెచ్చేవారు. నేను చేత్తో జవాబులు రాసిచ్చేదాన్ని. ఆయన మళ్లీ ఆఫీసులో టైపు చేసి డాక్టర్ వాకర్ పేరుతో పంపేవారు. ఒక పిల్ల, "డాక్టర్, మీకు చలి వెయ్యదా?" అని అడిగింది. ఒళ్లంతా చెమట కారుతుంటే, "అలవాటైపోయిందమ్మా" అని రాశాను.

మార్చి నెలాఖరులో కొండల దగ్గరున్న ఒక చిన్న ఊరి బడి నుంచి ఫోటో వచ్చింది. పంపింది డోరీన్ అనే టీచరు. పిల్లలాడుకునే చోటు వెనక, కంచె వెంబడి జాడలు. కొలత తెలియడానికి పక్కన పిల్లాడి గ్లవ్ పెట్టారు. పాదం ఆ గ్లవ్‌కి సమానంగా ఉంది. "ఎవరిదో పెద్ద కుక్క అయి ఉంటుందని అందరూ అంటున్నారు. పిల్లలు మాత్రం డాక్టర్ వాకర్ చెప్తేనే నమ్ముతామంటున్నారు" అని రాసింది.

అది కుక్క కాదు. చూడగానే తెలిసిపోయింది. కుక్కకైతే ఉండే గోళ్ల గుర్తే లేదు. పొడవు కన్నా వెడల్పెక్కువ. మడమ దగ్గర మూడు తమ్మెలు. రెండు అడుగుల మధ్య మంచు మీద తోక రాసుకున్న గీత. కౌగర్ అంటారు దాన్ని. ఆ కొండల్లో తిరిగే పెద్ద పిల్లి, లేడిని మెడ కొరికి పడేస్తుంది. అది ఒక్కసారి అటుగా వెళ్లిపోలేదు. కంచె దగ్గర ఆగింది, కూర్చుంది, మళ్లీ వచ్చింది. పాత జాడ మీద కొత్త జాడ ఉంది.

వెంటనే రాసిచ్చాను. పిల్లల్ని బయటికి వదలొద్దు, అడవిశాఖవాళ్లకి కబురు పెట్టండి అని. ఈ ఒక్కటీ ఇప్పుడే పంపమని ఆయనకి రెండుసార్లు చెప్పాను.

మర్నాడు అన్నం తింటూ ఆయనే ఎత్తారు. "ఆ టీచరుకి పంపేశాం. కుక్క అని రాశాం."

నేను పెరుగు వడ్డిస్తున్నాను.

"కుక్క కాదని చెప్పానుగా?"

"చెప్పావులే. కౌగర్ అన్నామనుకో, ఊరంతా గోల. అడవిశాఖ వస్తుంది, పేపర్లవాళ్లొస్తారు. ఈ డాక్టర్ ఎవరు, ఆయనతో మాట్లాడాలంటారు. మనల్ని కొంటామంటున్న అమెరికావాళ్లు సంతకం పెట్టే టైములో ఆ గొడవ పడగలమా? రమణా నేనూ బాగా ఆలోచించాం. అయినా అక్కడుండేవాళ్లకి కుక్కేదో పులేదో తెలీదా?"

"తెలిస్తే మనల్నెందుకు అడుగుతారండీ?"

"లలితా, ఇంకొంచెం పెరుగెయ్."

వేశాను. రమణకి ఫోన్ చేస్తే, "వదినా, నా మాట వినండి, ఒక్క వారం ఓపిక పట్టండి" అన్నాడు. వాళ్ల ఆఫీసు నుంచి తప్ప నాకు జవాబు పంపే దారి లేదు.

మర్నాడు పొద్దున్నే సుస్మితని బడి బస్సెక్కించాను. అప్పుడు కెనడాలో ముందురోజు మధ్యాహ్నం, బడి వదిలే వేళ. మా బ్లాక్ కింద పబ్లిక్ ఫోన్ ఉండేది. కార్డు పెట్టి, టీచరు సంతకం కింద ఉన్న నంబరు నొక్కాను. డోరీన్ వచ్చింది. అది కౌగర్ అని చెప్పాను.

"మీరెవరు?" అంది. మర్యాదగానే. "డాక్టర్ వాకర్ కుక్క అని నిన్ననే రాశారు. పిల్లలకి చదివి వినిపించాను కూడా."

ఆయన అసిస్టెంటునని చెప్తే సరిపోతుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. అసిస్టెంటు మాటా, డాక్టర్ మాటా రెండూ పక్కపక్కన పెడితే ఎవరి మాట నెగ్గుతుందో నాకు తెలుసు.

"డాక్టర్ వాకర్ అనే మనిషి లేడండీ" అన్నాను. "ఆ పాఠం రాసింది నేను. మీ పిల్లలకి జవాబులు రాసిందీ నేనే. నా పేరు లలితకుమారి, మా ఇంటి నంబరు కూడా రాసుకోండి. కుక్క అన్న ఒక్క జవాబే నాది కాదు."

వెనక పిల్లల కేకలు వినిపిస్తున్నాయి. ఆవిడ ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టి ఎవరితోనో, "అందర్నీ లోపలికి పిలవండి. ఇప్పుడే" అనడం వినిపించింది.

రెండు రోజుల తర్వాత మా ఇంటి ఫోన్ మోగింది, డోరీన్. ఆ మైదానం చివర పాత షెడ్డు కింద అది కాపురముందట. మత్తు సూదేసి పట్టుకెళ్లారట. ఊళ్లో తప్పిపోయిన పెంపుడు కుక్కలేమయ్యాయో కూడా అక్కడే తెలిసిందట. "థాంక్యూ" అంది. బడులన్నీ పాఠాన్ని వదులుకుంటున్నాయని కూడా చెప్పింది. "డాక్టర్ సంగతి పిల్లలకింకా చెప్పలేదు. ఎలా చెప్పాలో తెలియడం లేదు" అంది ఆఖర్న.

ఆ రోజు ఆయన మిట్టమధ్యాహ్నం ఇంటికొచ్చారు.

"ఫోన్ చేశావా?"

"చేశాను."

"అమెరికావాళ్లు వద్దన్నారు. ఇప్పుడే రమణ చెప్పాడు. బడులవాళ్ల గొడవ వాళ్ల చెవినపడిందట." బూట్లు విప్పకుండానే సోఫాలో కూలబడ్డారు. "నా నోట్లో మట్టి కొట్టావు కదే. బయటివాడు చేస్తే బాధపడను. నువ్వు చేశావు."

పిల్లలు బతికారండీ అన్నాను. ఆయన వినిపించుకోలేదు. ఆయన కళ్లల్లో నీళ్లు నిజమైనవే. దెబ్బతిన్నవాళ్లం ఇద్దరమూ ఒకే గదిలో కూర్చున్నాం, ఎవరి గాయం వాళ్లు చూసుకుంటూ. తెలుగువాళ్ల మధ్య కథ పాకడానికి ఎంతసేపు పడుతుంది? సెరంగూన్‌లో ఒక ఇంటి పూజకెళితే, మొగుడి కంపెనీ ముంచింది ఈవిడే అని నా వెనకే అనుకున్నారు.

ఏప్రిల్‌లో అమెరికా మార్కెట్లు కూలి ఎన్నో కంపెనీలు పోయాయి. ఆయనకి కౌలాలంపూర్‌లో మళ్లీ బ్యాంకు ఉద్యోగం దొరికింది. "జూన్‌లో అందరం వెళ్లిపోదాం. అక్కడ మనల్నెవరూ ఎరగరు" అన్నారు. ఆ మాటలో క్షమించినట్టు ధ్వనించింది. నేను ఒప్పుకుందామనే అనుకున్నాను. ఇక్కడి ఇండియన్ స్కూలు ఒకటి నన్ను బయాలజీ టీచరుగా తీసుకుంటామని, నా పేరు మీదే పాస్ కూడా వాళ్లే ఇప్పిస్తామని అంటే, ఆలోచించి చెప్తానని వచ్చాను.

మే నెలలో రమణ హైదరాబాదు వెళ్లిపోతూ చెప్పిపోవడానికి వచ్చాడు. ఆయన ఇంట్లో లేరు. అన్నం పెట్టాను. అన్నం కలుపుతూనే మొదలుపెట్టాడు.

"వదినా, మీరు ఫోన్ చేయకముందే ఆ అమెరికావాళ్లు వద్దన్నారు."

గరిటె గిన్నెలో పెట్టేశాను.

"మార్కెట్ పడుతోంది, మేం కొనడం లేదని నాకు చెప్పేశారు. ఇంకో పార్టీని పట్టుకుందామని అన్నయ్యకి చెప్పలేదు. ఇంతలో మీ సంగతి వచ్చింది. అది అడ్డం పెట్టుకున్నాను."

"అన్నయ్యకి చెప్పు."

"చెప్పలేను వదినా. ఈ ఊళ్లో నన్నింకా నమ్మేది ఆయనొక్కడే."

అన్నం మొత్తం తిన్నాడు. చెయ్యి కడుక్కుని, నా కాళ్లకి దణ్ణం పెట్టబోతే వెనక్కి జరిగాను.

ఆ సాయంత్రం ఆయనకి చెప్పాను. కోపంగా కాదు, ఒకలాంటి ఆశతోనే చెప్పాను. ఇప్పుడైనా మా ఇద్దరి మధ్యా ఉన్నది తొలగిపోతుందని, ఆయన నా వైపు తిరుగుతారని. చెబుతున్నంతసేపూ ఆయన కౌలాలంపూర్ ఇంటి ఫోటోలు తిరగేస్తూనే ఉన్నారు. అంతా విన్నారు.

"రమణ అలాంటివాడు కాదు" అన్నారు.

"వాడే చెప్పాడండీ, ఇక్కడే కూర్చుని."

"నీ బాధ చూడలేక అలా చెప్పుంటాడు. వాడి మనసు నాకు తెలుసు." ఒక ఫోటో నా వైపు తిప్పారు. "ఈ ఇంటికి వంటిల్లు పెద్దది, చూడు."

చూశాను. వంటిల్లు పెద్దదే. మంచి వెలుతురుంది.

"మీరు వెళ్లండి" అన్నాను. "నేనూ సుస్మితా ఇక్కడే ఉంటాం. రేపు స్కూలుకి వెళ్లి చేరతానని చెప్పొస్తాను."

ఆయన ఫోటోని ఇంకా నా వైపే పట్టుకుని ఉన్నారు.